40లో 2 లోపాలు: కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ సున్నా కిందికి పోతోంది, ఎందుకు?

ప్రశ్న:
పెద్ద లాట్‌లోంచి యాదృచ్ఛికంగా 40 పీసులు తీస్తే 2 లోపాలతో ఉన్నాయి. అనుపాతం 0.05. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (లాట్‌లోని అసలు అనుపాతం ఉండొచ్చని శాంపిల్ నుంచి వేసే అంచనా పరిధి) కోసం 0.05 ± 1.96 × √(0.05 × 0.95 ÷ 40) వేశాను. −0.018 నుంచి 0.118 వచ్చింది. కింది హద్దును సున్నా అని రాసేస్తే సరిపోతుందా? ఇంకొకటి, వాటిలో 12 పీసుల్ని తూకం వేస్తే సగటు 50.3 గ్రాములు, ప్రామాణిక విచలనం 1.8. దీనికీ 1.96 వాడొచ్చా?

జవాబు 1:
సున్నా రాయకండి. లోపమున్న పీసులు రెండు చేతిలోనే ఉన్నాయి, కాబట్టి లాట్‌లో లోపాల శాతం సున్నా అయ్యే వీల్లేదు. తప్పు సూత్రంలో ఉంది. మీరు వాడినది వాల్డ్ ఇంటర్వల్. లోపమున్నవి, లేనివి రెండూ కనీసం పదేసి ఉన్నప్పుడే దాన్ని కాస్త నమ్మొచ్చు. మీకున్నవి రెండే. పైగా ప్రామాణిక దోషాన్నీ (శాంపిల్ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, మీ లెక్కలో ఆ వర్గమూలం) ఆ 0.05 నుంచే లెక్కిస్తుంది. అనుకోకుండా లోపాలు తక్కువ దొరికితే ఇంటర్వల్ కూడా సన్నబడిపోతుంది. ఒక్కటీ దొరక్కపోతే వెడల్పే సున్నా!

1927లో అమెరికన్ గణితవేత్త ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన పద్ధతి వాడండి. 1.96 వర్గం 3.84, అందులో సగం 1.92.
మధ్య బిందువు: (2 + 1.92) ÷ (40 + 3.84) = 0.089.
అటూ ఇటూ: 1.96 × √(0.05 × 0.95 ÷ 40 + 3.84 ÷ (4 × 40 × 40)) ÷ (1 + 3.84 ÷ 40) = 0.076.
అంటే 1.4 శాతం నుంచి 16.5 శాతం. మధ్య బిందువు 0.05 దగ్గర లేదని కంగారు పడకండి, అది 0.5 వైపు కొద్దిగా జరగడమే ఈ పద్ధతి బలం.

జవాబు 2:
బరువులకు 1.96 వద్దండి. ప్రామాణిక విచలనాన్ని కూడా ఆ 12 పీసుల నుంచే అంచనా వేశారు కనుక టీ-పట్టిక (చిన్న శాంపిల్‌కు 1.96 బదులు వాడే పెద్ద విలువల పట్టిక) చూడాలి. స్వేచ్ఛా పరిమాణం 11కి (12లోంచి ఒకటి తీసేస్తే) విలువ 2.201. ప్రామాణిక దోషం 1.8 ÷ √12 = 0.52. ఇంటర్వల్ 49.16 నుంచి 51.44 గ్రాములు. 1.96తో వేస్తే 49.28 నుంచి 51.32 వస్తుంది, లేని నమ్మకం చూపిస్తుంది. ముందు ఆ 12 విలువల్నీ ఒక గీత మీద చుక్కలుగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికి బాగా దూరంగా పడితే, ఇంత చిన్న శాంపిల్‌లో టీ కూడా కాపాడదు.

ఇది సగటుకు ఇంటర్వల్ మాత్రమే. పీసుల్లో 95 శాతం ఈ హద్దుల్లో ఉంటాయని చదవకూడదు. ఈ తప్పు చాలా రిపోర్టుల్లో కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది, థాంక్యూ. 40లో ఒక్క లోపమూ రాకపోతే? ±3 శాతం కావాలంటే ఎన్ని తీయాలి?

జవాబు 1:
ఒక్కటీ రాకపోతే 3ని పీసుల సంఖ్యతో భాగించే సులువు లెక్క ఉంది: 3 ÷ 40, అంటే 95 శాతం నమ్మకంతో పై హద్దు 7.5 శాతం. కచ్చితంగా లెక్కిస్తే 7.2. అంత దగ్గరగా వస్తుంది.

అసలు శాతం 5 దగ్గరే ఉంటుందనుకుంటే 203 పీసులు. ముందుగా ఏమీ తెలియకపోతే 0.5 పెట్టి లెక్కించాలి, 1068 అవుతాయి. ±1.5 శాతం కావాలంటే దాదాపు నాలుగు రెట్లు. అయితే ఆ పీసులన్నీ పెట్టెల పైవరుసలోంచే తీస్తే ఎన్ని తీసినా లాభం లేదు. అడుగువరుసలో ఏముందో ఏ సూత్రమూ చెప్పలేదు.