గాలిదుమారం లేస్తే దమ్ము ఎత్తుకుంటోంది, మీ ఇండ్లల్ల ఎవరికన్నా ఇట్లయితదా?

మిర్యాలగూడ_కోడలు
మా అత్తమ్మకు ఏండ్ల సంది దమ్ము. చలికాలం పొద్దుగాల ఆయాసం మాకు మామూలే. కానీ యాసంగి కోతలప్పుడు మబ్బు పట్టి గాలిదుమారం లేచిందంటే, చినుకు పడకముందే ఛాతీ పట్టేస్తది. మొన్న కల్లంల వడ్ల మీద పట్టా కప్పబోయి కూలబడ్డది. రెండు మాటలు కలిపి చెప్పలేకపోయింది. 108ల ఆక్సిజన్ పెట్టి తీస్కపోయిండ్రు. ఇంట్లోల్లేమో ఉరుములకు భయపడ్డదంటున్నరు. నిజంగ భయమేనా?

హాలియా_రైతుబిడ్డ
భయం కాదక్కా. నాకు దమ్ము లేనే లేదు, వట్టి తుమ్ములు, ముక్కు కారుడు. అయినా దుమారంల బండి మీద వస్తుంటే ఒకసారి గొంతుల పిల్లికూతలు మొదలైనయి. కోతమిషన్ల దుమ్ము, ఊక అనుకున్న.

మెల్‌బోర్న్‌లో_నల్లగొండోడు
తమ్మీ, తుమ్ములే అని తీసిపారేయకు. ఇక్కడ 2016 నవంబర్ 21 సాయంత్రం ఉరుముల గాలివాన వచ్చింది. వేలమంది ఊపిరాడక ఆస్పత్రులకు పరుగెత్తారు, పది మంది చనిపోయారు. వాళ్లలో చాలామందికి అంతకుముందు ఉబ్బసం ఉన్నట్టే తెలీదు, ముక్కు ఎలర్జీ మాత్రం ఉంది. రైగడ్డి పుప్పొడి రేణువు పెద్దది, మామూలుగా ముక్కులోనే ఆగిపోతుంది. మబ్బుల్లోని తేమకు అది పగిలితే లోపలి సన్నటి రేణువులు బయటపడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వానకు ముందు పైనుంచి దిగే చల్లగాలి వాటిని నేలబారుగా తోస్తుంది. అందుకే అక్కా, మీ అత్తమ్మకు చినుకుకంటే ముందే మొదలైంది. ఇప్పుడు ఇక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దీనికి ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తారు.

జడ్చర్ల_బాటసారి
మన దగ్గర రైగడ్డి ఎక్కడిది అన్నా?

మెల్‌బోర్న్‌లో_నల్లగొండోడు
రైగడ్డే కానక్కర్లేదు. 2013లో ఇరాన్‌లోని అహ్వాజ్‌లో ఇట్లనే అయింది. అక్కడ కోనోకార్పస్ చెట్లను అనుమానించారు. మన రోడ్ల డివైడర్ల మీద నాటినవి అవే. ఇక వయ్యారిభామ సంగతి చెప్పాలా, పొలం గట్టు ఖాళీగా ఉంటే చాలు!

అచ్చంపేట_పెద్దాయన
మృగశిర కార్తెకు హైదరాబాద్ తీస్కపోయి చేప మందు ఏపియ్యుండ్రి. నోట్ల కొట్టుకునే పంపు (ఇన్‌హేలర్) అలవాటైతే మానదు.

దేవరకొండ_మెడికల్
పెద్దాయనా, మీ నమ్మకం మీది. చేప మందు పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు, దాన్ని నమ్ముకుని పంపు ఆపితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. సాల్బుటమాల్ గోలీ 4 మిల్లీగ్రాములు, పంపు ఒక్క నొక్కు 100 మైక్రోగ్రాములు. అంటే నలభయ్యో వంతు. గోలీకి లేని భయం పంపుకెందుకు?

అమ్మా, అత్తమ్మకు బుడెసొనైడ్ లాంటి రోజువారీ పంపు రాసిచ్చారా చూడండి. ఊపిరి గొట్టాల్లో వాపును అణిచేది అది. సాల్బుటమాల్ అప్పటికప్పుడు గొట్టాలను తెరుస్తుంది, అంతే. బాగున్నప్పుడు రోజువారీది ఆపేసి, దుమారం రోజున రెండోదాని మీద ఆధారపడేవాళ్లే మా దుకాణానికి పరుగున వస్తుంటారు. ఆయాసం వస్తే పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. స్పేసర్‌తో (పంపుకు తగిలించే గొట్టం లాంటి డబ్బా) ఒక్కో నొక్కు, ప్రతి నొక్కుకు నాలుగు శ్వాసలు, అట్లా నాలుగు నొక్కులు. నాలుగు నిమిషాలు చూసి తగ్గకపోతే 108కి చేసి, బండి వచ్చేదాకా మళ్లీ అట్లనే ఇస్తుండండి. మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆ నాలుగు నిమిషాలు కూడా ఆగొద్దు, ముందు ఫోన్ చేయండి. ఇంకోటి: ఆయాసపడుతూనే పిల్లికూతలు ఆగిపోయాయంటే తగ్గిందని కాదు, లోపలికి గాలే పోతలేదని.

పాలమూరు_పంతులమ్మ
మా బాబుకు ఇదే బాధ. మబ్బు కమ్మగానే కిటికీలు మూసి కూలర్ బంద్ చేస్తా. అది బయటి గాలినే గుంజి మొహాన కొడుతుంది కదా. వాతావరణ శాఖ మూడు గంటల ముందు ఇచ్చే హెచ్చరికలు ఫోన్‌లో చూస్తుంటా. నెబ్యులైజర్ (మందును ఆవిరిలా ఇచ్చే కరెంటు మిషన్) ఉంది కదా అని నిమ్మళంగా ఉండకండి, దుమారం రాంగనే మా దగ్గర ముందు పోయేది కరెంటే. బడి సంచిలో పంపు, స్పేసర్ పెట్టి క్లాసు టీచర్‌కు వాడే తీరు చూపించాను.

మిర్యాలగూడ_కోడలు
రోజువారీ పంపు రాసిచ్చిండ్రు, అత్తమ్మ డబ్బా కూడా ఇప్పలేదు. రేపు డాక్టర్ దగ్గరికి తీస్కపోతున్న. పట్టాలు కప్పుడు ఇగ మా ఆయన పని. దేవరకొండ అన్నా, స్పేసర్ ఎంతయితది, కడగాల్నంటే సబ్బు వాడొచ్చా?

దేవరకొండ_మెడికల్
కంపెనీని బట్టి రేటు ఉంటుందమ్మా. గోరువెచ్చని నీళ్లలో కొంచెం లిక్విడ్ సబ్బు వేసి కడగండి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే మందు గోడలకు అంటుకుపోతుంది.