ఒకే లింకు ఒకరికి తెరుచుకుని మరొకరికి ఎందుకు తెరుచుకోదు? సమస్యను సరిగ్గా చెప్పడం ఎలా?

రాజోలు విద్యార్థిని:

పెద్దలకు, తోటి విద్యార్థులకు నమస్కారం.

నేను భీమవరంలో కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మినీ ప్రాజెక్టు కింద మేము నలుగురం కలిసి అంబాజీపేట మొదలైన కోనసీమ మార్కెట్లలో కొబ్బరికాయల ధరలను ఊరివారీగా చూపించే చిన్న వెబ్‌సైటు తయారుచేస్తున్నాము. ప్రస్తుతం అది హాస్టల్లో ఉండే ఒక మిత్రుడి ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది. అతడు ఇచ్చిన లింకు 192.168 అనే అంకెలతో మొదలవుతుంది. హాస్టల్ వైఫైలో ఉన్నంతకాలం ఆ లింకు మా అందరి ఫోన్లలోనూ తెరుచుకుంది. సెలవులకు ఇంటికి వచ్చాక అదే లింకును మొబైల్ డేటాతో తెరవబోతే పేజీ ఎంతకీ రాలేదు. మిగతా సైట్లన్నీ మామూలుగానే వస్తున్నాయి.

ఈ సంగతిని మా వాట్సాప్ గ్రూపులో "లింకు పనిచేయడం లేదు" అని రాశాను. "నాకు బాగానే పనిచేస్తోంది" అని ఒకరు, "మీ ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు" అని మరొకరు, "సర్వర్ ఆగిపోయి ఉంటుంది" అని ఇంకొకరు రాశారు. ఎవరి మాట మీద వారు నిలబడ్డారు గాని పని ముందుకు సాగలేదు.

దీనితో పాటు మరో సందేహం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి ప్రధాన కాలువలకు, అక్కడి నుంచి పంట కాలువలకు, చివరికి బోదెల ద్వారా చేలకు నీరు చేరినట్లే డేటా కూడా మన ఫోనుకు చేరుతుందని సెమినార్‌లో చెప్పాను. వినేవారికి సులభంగానే అర్థమైంది గాని, ఈ పోలిక సగం వరకే నిలుస్తుందని మా మాస్టారు అన్నారు. ఎక్కడ నిలవదో వివరించడానికి ఆ రోజు సమయం లేకపోయింది.

పేజీ ఎందుకు రాలేదో, ఆ పోలిక ఎక్కడ తెగుతుందో తెలియజేయగలరు. అలాగే, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నాలాంటివారు సాంకేతిక విషయాన్ని ఎదుటివారికి పొరపాటు లేకుండా చెప్పడం ఎలా అలవరచుకోవాలో కూడా చెప్పగలరని కోరుతున్నాను.

కాకినాడ నెట్‌వర్క్ ఇంజినీరు:

చెల్లెమ్మా, మీ గ్రూపులో నువ్వు రాసినదీ నిజమే, "నాకు బాగానే పనిచేస్తోంది" అన్నవారు రాసినదీ నిజమే. నెట్‌వర్క్ గురించి చెప్పే ఏ మాటైనా ఎక్కడి నుంచి చూసి చెబుతున్నామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మొత్తం ఇంటర్నెట్‌ను ఒక్కచోట నిలబడి చూడగలిగినవారు ఎవరూ లేరు. మీ నలుగురిలో ఒక్కరైనా తాము ఏ నెట్‌వర్క్ మీద ఉన్నారో రాసి ఉంటే వాదన అక్కడితో ఆగిపోయేది.

ముందు కారణం చెబుతాను. పాత ఐపీ విధానంలో (ఐపీ అంటే ఇంటర్నెట్‌లో చిరునామాలను బట్టి డేటాను చేరవేసే నియమావళి) చిరునామా 32 బిట్ల సంఖ్య కాబట్టి మొత్తం చిరునామాలు దాదాపు 429 కోట్లే. ప్రపంచంలోని పరికరాలన్నింటికీ అవి చాలవు. అందుకే కొన్ని వరుసలను ఇళ్లలో, కార్యాలయాల్లో సొంతంగా వాడుకోవడానికి విడిగా ఉంచారు. 1996లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం వాటిని పేర్కొంటుంది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఆ కోవకు చెందినవి. ఈ చిరునామాలకు వెళ్లే డేటాను బయటి ఇంటర్నెట్‌లోని రౌటర్లు (డేటాకు దారి చూపే యంత్రాలు) మోసుకుపోవు. మీ హాస్టల్లో 192.168 వరుసలో ఒక ల్యాప్‌టాప్ ఉన్నట్లే, అమలాపురంలోని ఒక దుకాణంలోనూ అదే అంకెతో ఒక ప్రింటర్ ఉండవచ్చు. రాజోలులో మొబైల్ డేటా మీద ఉన్న నీ ఫోను ఆ అంకెను వెతికితే హాస్టల్ ల్యాప్‌టాప్‌కు దారి దొరికే అవకాశమే లేదు. సిగ్నల్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇక ఆ మిత్రుడు తన ల్యాప్‌టాప్‌లో 127.0.0.1 అని (ఏ యంత్రమైనా తనను తానే సూచించుకునే చిరునామా) తెరిచి "నాకు వస్తోంది" అని ఉంటే, ఆ అభ్యర్థన అసలు యంత్రం దాటి బయటికే రాలేదు. సైటును బయటి హోస్టింగ్ సర్వర్‌లో (ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచైనా చేరగల యంత్రంలో) పెట్టడమే దీనికి సరైన పరిష్కారం.

ఇప్పుడు చెప్పే తీరు గురించి. "పనిచేయడం లేదు" అన్న మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. పేరు దొరకలేదని బ్రౌజరు చెబితే, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే పని ఆగిందని అర్థం. కనెక్షన్‌ను నిరాకరించిందని చెబితే, సాధారణంగా యంత్రం వరకు వెళ్లగలిగాము గాని ఆ పోర్టు (యంత్రంలో ఒక్కో ప్రోగ్రాంకు ద్వారం లాంటి సంఖ్య) దగ్గర వినే ప్రోగ్రాం నడవడం లేదన్నమాట. సమయం మించిపోయిందని చెబితే, మన ప్యాకెట్లకు, అంటే డేటాను విడగొట్టి పంపే ముక్కలకు, బదులే రాలేదు. దారి లేకపోయినా, మధ్యలో ఫైర్‌వాల్ (అనుమతి లేని డేటాను అడ్డుకునే కాపలా ఏర్పాటు) వాటిని మౌనంగా పడేసినా ఇలాగే కనిపిస్తుంది. 404 వస్తే మాత్రం దారి అంతా బాగున్నట్లే, సర్వరే స్వయంగా బదులిచ్చి ఆ పేజీ తన దగ్గర లేదని చెబుతోంది. ఈ నాలుగింటినీ సరిచేసే పద్ధతులు పూర్తిగా వేరు.

కాబట్టి గ్రూపులో ఇలా రాసి చూడు: "హాస్టల్ వైఫైలో ఉన్నప్పుడు నా ఫోనులో ఈ లింకు తెరుచుకుంది. ఈ సాయంత్రం రాజోలులో అదే ఫోనులో మొబైల్ డేటా మీద తెరిస్తే, కొంతసేపు ఆగి, సమయం మించిపోయిందన్న సందేశం వచ్చింది. అదే సమయంలో ఇతర సైట్లు తెరుచుకున్నాయి. లింకు 192.168తో మొదలవుతోంది. మీరు ఏ నెట్‌వర్క్ మీద నుంచి చూస్తున్నారు?" దీన్ని చదివిన వారిలో ఎవరికి కొంచెం తెలిసినా జవాబు వెంటనే దొరుకుతుంది. చాలాసార్లు రాస్తుండగానే మనకే తడుతుంది.

డేటా వెళ్లే దారిని చూపే ట్రేస్‌రూట్ అనే ప్రోగ్రాంను కూడా ఒకసారి నడిపి చూడు. విండోస్‌లో దాన్ని ట్రేసర్ట్ అంటారు. ప్రతి ప్యాకెట్‌లోనూ టీటీఎల్ అనే సంఖ్య ఉంటుంది. దారిలోని ప్రతి రౌటరూ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, అది సున్నా అయితే ప్యాకెట్‌ను పడేసి పంపినవారికి ఆ సంగతి తెలియజేస్తుంది. ట్రేస్‌రూట్ ముందు 1తో, తరువాత 2తో, ఆపై 3తో ప్యాకెట్లు పంపి, తిరిగొచ్చిన కబుర్లను బట్టి దారిలోని రౌటర్లను వరుసగా చూపిస్తుంది. మధ్యలో నక్షత్ర గుర్తులు కనిపించినంత మాత్రాన దారి తెగినట్లు కాదు. కొన్ని రౌటర్లు ప్యాకెట్లను ముందుకు పంపుతూనే ఇలాంటి ప్రశ్నలకు బదులివ్వవు.

రాజమహేంద్రవరం అధ్యాపకురాలు:

కాలువల పోలిక గురించి నేను చెబుతానమ్మా. మా విద్యార్థులు కూడా దీన్ని ఏటా వాడుతుంటారు. అది నిలిచే చోటు ఉంది కాబట్టే అందరికీ నచ్చుతుంది. పెద్ద మార్గాలు చిన్న మార్గాలుగా చీలడం, అందరూ ఒకేసారి వాడుకునే వేళలో శివారున ఉన్నవారికి తక్కువ అందడం రెండు చోట్లా కనిపిస్తాయి.

తెగే చోటు చాలా ముఖ్యమైనది. కాలువలోని నీటికి తన గమ్యం తెలియదు, ఏ చుక్క ఏ చేనిలో పడినా ఒకటే. ప్యాకెట్ మాత్రం ఎక్కడి నుంచి బయలుదేరిందో, ఎక్కడికి చేరాలో తన తలమీద రాసుకుని బయలుదేరుతుంది. నీరు పల్లానికే పారుతుంది. నీ ఫోను నుంచి అభ్యర్థన సర్వర్ వైపు వెళ్లి, జవాబు అక్కడి నుంచి నీ వైపు రావాలి, రెండు దిశలూ లేకపోతే వెబ్ పేజీయే లేదు. దాళ్వాకు (రెండో పంటకు) నీరు చాలనప్పుడు వంతులవారీగా ఇస్తారు కదా, వంతు వచ్చినవారికి ఆ సమయం వరకు ఆ నీరు కేటాయించినట్లే. నెట్‌వర్క్‌లో అలాంటి కేటాయింపు లేకుండానే వేలమంది ప్యాకెట్లు ఒకే తీగలో కలగలిసి ప్రయాణిస్తాయి. 1960లలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చేరుకున్న ఆలోచన ఇదే. ఈథర్నెట్ అనే తీగల నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ సాధారణంగా 1,500 బైట్లకు మించదు కాబట్టి, మూడు మెగాబైట్ల ఫొటో పంపితే అది 2,000కు పైగా ముక్కలుగా వెళుతుంది. అందులో కొన్ని దారిలో పోయినా, అన్నీ చేరాయో లేదో చూసుకునే టీసీపీ అనే నియమావళి వాటిని గుర్తించి మళ్లీ పంపిస్తుంది.

సెమినార్‌లో పోలికను మానేయనక్కరలేదు. ఎంతవరకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో నువ్వే ముందుగా చెప్పెయ్. అలా చెప్పిన విద్యార్థికి విషయం తెలుసునని పరీక్షకుడికి వెంటనే అర్థమవుతుంది.

పై మిత్రులు చెప్పిన "ఎక్కడి నుంచి చూస్తున్నామో" అన్న మాటకు ఇంటర్నెట్ చరిత్రలోనే ఒక మంచి నిదర్శనం ఉంది. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ మీద తొలి సందేశం పంపారు. ఇటువైపు చార్లీ క్లైన్, అటువైపు బిల్ డువాల్. "లాగిన్" (LOGIN) అనే ఇంగ్లీషు మాటను టైపు చేయడం వారి ఉద్దేశం. ఇద్దరూ టెలిఫోనులో మాట్లాడుకుంటూ, ఒక్కొక్క అక్షరం చేరిందో లేదో సరిచూసుకున్నారు. రెండక్షరాలు చేరాక అవతలి యంత్రం ఆగిపోయింది. ఎన్ని అక్షరాలు చేరాయో, ఎక్కడ ఆగిందో వారికి కచ్చితంగా తెలుసు కాబట్టి లోపాన్ని సరిచేసుకుని ఆ రాత్రే మళ్లీ ప్రయత్నించగలిగారు.

ఆ నెట్‌వర్క్ నియమాలను రాసినవారిలో చాలామంది నీలాగే విద్యార్థులు. 1969 ఏప్రిల్ 7 నాటి మొదటి ఆర్‌ఎఫ్‌సీ పత్రాన్ని రాసిన స్టీవ్ క్రాకర్ అప్పటికి పరిశోధక విద్యార్థి. ఆ వరుసలోని మూడో పత్రం, ఒక్క వాక్యం రాసినా చాలునని, పూర్తిగా పండని ఆలోచననైనా పంపవచ్చునని అనుమతిస్తుంది. తప్పుపోతామేమోనని గదిలో నోరు విప్పని పిల్లలకు నేను తరచూ చూపించే పత్రం అది.

ఎం.సీ.ఏ. విద్యార్థి, తణుకు:

భాష విషయంలో నా అభిప్రాయం చెబుతాను. ముందు తెలుగులోనే పూర్తి వాక్యాలుగా రాసుకోండి. రౌటర్, ప్యాకెట్, పోర్టు వంటి మాటలను అలాగే ఉంచండి. కారణం, ఫలితం తెలుగులో సరిగ్గా కుదిరితే ఇంగ్లీషులో చెప్పడానికి చిన్న వాక్యాలు చాలు. కుదరకపోతే ఇంగ్లీషు ఎంత బాగున్నా వినేవారికి ఏమీ అందదు.

రెండో సంగతి, ల్యాప్‌టాప్ తెరను ఫోనుతో ఫొటో తీసి గ్రూపులో పెట్టే అలవాటు దయచేసి మానండి. ఎర్రర్ సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి పెడితే, సాయం చేసేవారు దాన్ని నేరుగా వెతికి చూడగలుగుతారు. ఫొటోలో సగం అంకెలు మసకబారి ఉంటాయి, ఆ సగంలోనే మనకు కావలసినది ఉంటుంది.

రాజోలు విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు రాసి పంపాక, మిత్రుడు కూడా తాను 127.0.0.1 తోనే చూస్తున్నానని చెప్పాడు. సైటును ఒక హోస్టింగ్ సర్వర్‌లోకి మార్చాము, ఇప్పుడు మొబైల్ డేటా మీద కూడా తెరుచుకుంటోంది. అయితే కొత్త సమస్య ఒకటి వచ్చింది, దాన్ని పద్ధతి ప్రకారం రాస్తున్నాను.

పేజీలో ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. ఫైలును నా ల్యాప్‌టాప్‌లో నేరుగా తెరిస్తే "రాజోలు" సరిగ్గా కనిపిస్తోంది. అదే ఫైలు సర్వర్ నుంచి వస్తే దాని స్థానంలో అర్థం లేని గుర్తులు వస్తున్నాయి. ఇంట్లోని బ్రాడ్‌బ్యాండ్ మీదా, మొబైల్ డేటా మీదా, నా ఫోనులోనూ, నాన్నగారి ఫోనులోనూ ఒకేలా ఉంది. ఆ గుర్తుల్లో, తలమీద గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ' అక్షరం పదేపదే వస్తోంది, దాని పక్కన ఎక్కువసార్లు డిగ్రీ గుర్తు ఉంటోంది. అంకెలు, ధరలు సరిగ్గానే ఉన్నాయి. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8 అని ఫైలు మొదట్లో మెటా ట్యాగులో (పేజీ గురించి బ్రౌజరుకు చెప్పే వరుసలో) రాశాము.

కాకినాడ నెట్‌వర్క్ ఇంజినీరు:

ఇంత వివరంగా రాసినందుకు చాలా సంతోషం. ఇక నేను అడగవలసిన ప్రశ్న ఒక్కటీ మిగల్లేదు. నెట్‌వర్క్ మారినా, ఫోను మారినా ఫలితం మారలేదు కాబట్టి దారిలో లోపం లేదు. అంకెలు సరిగ్గా వస్తున్నాయి కాబట్టి ఫైలు చెడిపోలేదు. నేరుగా తెరిస్తే బాగుండి, సర్వర్ నుంచి వస్తే చెడుతోంది కాబట్టి తేడా సర్వర్ జతచేసే సమాచారంలోనే ఉండాలి.

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు పడతాయి. "రాజోలు" అన్న మాటలో ర, దీర్ఘం, జ, ఓత్వం, ల, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ప్రతి మూడింటిలో మొదటి బైటు తెలుగంతటికీ ఒకటే. బ్రౌజరు ఈ బైట్లను పాశ్చాత్య లిపి పట్టికలో ఒక్కొక్కటిగా చూస్తే ఆ మొదటి బైటు నువ్వు చెప్పిన గీత ఉన్న 'ఎ'గానూ, రెండో బైటు డిగ్రీ గుర్తుగానో, కూడిక-తీసివేత గుర్తుగానో కనిపిస్తాయి. అంకెలు రెండు పట్టికల్లోనూ ఒకే బైటు కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

మీ సర్వర్ పేజీకి ముందు జతచేసి పంపే కంటెంట్-టైప్ హెడర్ అనే వరుసలో చార్‌సెట్ విలువ, అంటే ఏ అక్షర పట్టిక వాడాలన్న సూచన, వేరేగా ఉండి ఉంటుంది. హెడర్‌లో ఒకటి, మెటా ట్యాగులో మరొకటి ఉంటే బ్రౌజరు హెడర్ మాటే వింటుంది. ఫైలును నేరుగా తెరిచినప్పుడు హెడర్ ఉండదు కాబట్టి మెటా ట్యాగు చెల్లింది. బ్రౌజరులో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ అనే భాగంలో మీ పేజీ మీద నొక్కితే ఆ హెడర్ కనిపిస్తుంది. సర్వర్ అమరికలో చార్‌సెట్‌ను యూటీఎఫ్-8గా మార్చి, బ్రౌజరు దాచుకున్న పాత ప్రతిని తీసేసి మళ్లీ తెరవండి. మారకపోతే ఆ హెడర్ వరుసను ఉన్నది ఉన్నట్లుగా ఇక్కడ పెట్టు, చూస్తాను.