టిఫా స్కాన్‌లో కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్ అని రాశారు, ఎవరికైనా ఇలా వచ్చిందా?

కాకినాడ కోడలు:
నాకు 20వ వారం. నిన్న టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయా అని చూసే అయిదో నెల స్కాన్) రిపోర్టులో బిడ్డ తలలో ఎడమవైపు 5 మి.మీ. కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్ ఉందని రాశారు. మిగతావన్నీ నార్మల్ అట. డాక్టరుగారు "ఏం ఫర్వాలేదు" అని పంపేశారు. మెదడులో గడ్డేమో అని రాత్రంతా నిద్ర పట్టలేదు. అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
చెల్లీ, ముందు అన్నం తిను. మా పెద్దదానికి రెండువైపులా కనిపించాయి. 28 వారాల స్కాన్‌కి రెండూ లేవు. ఇప్పుడది రెండో తరగతి, చదువులో చురుకు.

స్కాన్ రూమ్ నర్సు:
ఇది గడ్డ కాదమ్మా. మెదడు లోపలి గదుల్లో నీరు ఊరే మెత్తటి కణజాలమే కోరాయిడ్ ప్లెక్సస్. దాని మడతల్లో కాస్త నీరు చిక్కుకుంటే స్కాన్‌లో నల్లటి చుక్కలా కనబడుతుంది. ఆలోచనకు, తెలివికి సంబంధించిన చోటు కాదది. ఈ నెలల్లో వందమందిలో ఒకరిద్దరికి కనిపిస్తుంది, చాలావరకు దానంతటదే పోతుంది. మరి రిపోర్టులో ఎందుకు రాస్తారంటే, 18వ క్రోమోజోము రెండుకు బదులు మూడుండే ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ పిల్లల్లోనూ ఇది తరచుగా ఉంటుంది. కానీ వాళ్లలో దాదాపు ఎప్పుడూ గుండె లోపమో, బిగించిన పిడికిళ్లో, ఎదుగుదల తక్కువో కూడా కనిపిస్తాయి. గుండె, చేతులు సరిగా కనిపించాయా అని అడగండి. మూడో నెలలో చేసిన డబుల్ మార్కర్ (ఇలాంటి క్రోమోజోము లోపాల రిస్క్ ఎంతో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కూడా తీసుకెళ్లండి.

మౌనిక_వరంగల్:
నాది వేరే కథ. సిస్ట్‌తో పాటు గుండెలో రంధ్రం కనిపించింది. ఉమ్మనీటి పరీక్షలో ఎడ్వర్డ్స్ అని తేలింది. మా బిడ్డ దక్కలేదు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదండి. నేనప్పుడు దొరికిందల్లా చదివి అందరి కష్టాలూ నావే అనుకున్నాను. మీకు ఉన్నది సిస్ట్ ఒక్కటే అయితే నా కథ మీది కాదు.

కాకినాడ కోడలు:
మౌనికగారూ, మీరు ఇదంతా మళ్లీ తలుచుకుని నాకోసం రాశారు. చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇవాళ మళ్లీ వెళ్లాం. డబుల్ మార్కర్‌లో రిస్క్ తక్కువే. గుండె నాలుగు గదులూ బాగున్నాయన్నారు. బిడ్డ అరచెయ్యి విప్పి ఉన్న బొమ్మ ఆపి చూపించారు, అయిదు వేళ్లూ లెక్కపెట్టుకున్నాను. ఉమ్మనీటి పరీక్ష అక్కర్లేదట, దానివల్ల కొద్దిగానైనా గర్భస్రావం ప్రమాదం ఉంటుందని చెప్పారు. అత్తయ్యగారికి ఆ బొమ్మే చూపిస్తూ చెప్పాను.