వాల్టా చట్టం కిందికొచ్చే గ్రామంలో కొత్త బోరు: అనుమతి ఎలా, 250 మీటర్ల లెక్క ఏమిటి, పక్క చేను బోరును ఆపించొచ్చా?

పాతబావి:
అనంతపురం జిల్లా, రాతి నేల. మూడెకరాల చీనీ (బత్తాయి) తోట, 330 చెట్లు. ఉన్న బోరు 280 అడుగులు. ఈ ఎండాకాలం గంటన్నర పోసి గాలి తన్నుతోంది, మళ్లీ నాలుగు గంటలు ఆపితే గానీ నీళ్లు రావట్లేదు. కొత్త బోరు వేద్దామంటే మా ఊరు వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిషేధ జాబితాలో ఉందని ఒకరు, కాదు మండలం సేఫ్ అని ఇంకొకరు. రిగ్గు ఏజెంటేమో కాగితాలెందుకు, రాత్రికి బండి పంపిస్తానంటున్నాడు. పంచాయతీ తాగునీటి బోరు మా పొలానికి దగ్గరే. పైగా పక్క చేను ఆయన మా బోరుకు 40 అడుగుల్లో 700 అడుగుల బోరుకు పాయింటు పెట్టించాడు. తెలిసినవాళ్లు వరసగా చెప్పగలరు.

కొలతాడు:
మీకు చెప్పిన ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. అవి రెండు వేరు వేరు జాబితాలు. ఈ గ్రూపులో నెలకోసారైనా ఈ తికమక వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ఒకటి లెక్క. కేంద్ర భూగర్భ జల మండలి, రాష్ట్ర భూగర్భ జల శాఖ కలిసి మన దగ్గర మండలాన్ని యూనిట్‌గా తీసుకుని వేసే అంచనా ఇది. ఏడాదిలో తోడుకోదగ్గ నీరెంత, తోడుతున్నదెంత అని చూస్తారు. 70 శాతం దాకా సేఫ్. అది దాటి 90 దాకా సెమీ క్రిటికల్, ఆపైన 100 దాకా క్రిటికల్, 100 దాటితే అధిక వినియోగం. ఉదాహరణకు ఒక మండలంలో తోడుకోదగ్గది 4,000 హెక్టారు మీటర్లు, తోడుతున్నది 4,400 అనుకోండి, అది 110 శాతం. పాత రోజుల్లో కొన్నేళ్లకోసారి వేసేవారు, 2022 నుంచి ఏటా వేస్తున్నారు. మీ మండలం అంకె ఇన్‌గ్రెస్ అనే వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఐఐటీ హైదరాబాద్‌తో కలిసి కేంద్ర మండలి తయారుచేసింది. మండలం పేరు నొక్కితే ఊట (భూమిలోకి ఇంకే నీరు), తోడకం, శాతం మూడూ కనిపిస్తాయి.

రెండోది చట్టం. వాల్టా అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, ఆ ఏడాది ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. విభజన తర్వాత తెలంగాణ కూడా దీన్నే తీసుకుంది. ఈ చట్టం కింద నిషేధం మండలం శాతాన్ని బట్టి తనంతట తాను వచ్చిపడదు. ప్రభుత్వం జీవో ఇచ్చి, అధిక వినియోగ గ్రామాల పేర్లు ప్రకటించాలి. అందుకే మండలం సగటున సేఫ్‌గా ఉండి మీ ఊరు జీవోలో ఉండొచ్చు. ఇంకో మండలంలో శాతం 100 దాటినా అందులో ఒక ఊరి పేరు జీవోలో ఉండకపోవచ్చు. జాబితా ఎప్పటికప్పుడు మారుస్తుంటారు గనుక ఐదేళ్ల కిందటి జిరాక్సు చూసి తేల్చుకోవద్దు. జిల్లా భూగర్భ జల శాఖ కార్యాలయంలో గానీ తహసీల్దార్ ఆఫీసులో గానీ ప్రస్తుతం అమల్లో ఉన్న జీవో నంబరు, అందులో మీ రెవెన్యూ గ్రామం వరస సంఖ్య అడగండి. నంబరు చెప్పకుండా ఉంది, లేదు అని నోటిమాటగా తేలిస్తే ఒప్పుకోకండి. ఇంకోటి, జీవోలో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. మీ మజరా (రెవెన్యూ గ్రామం కింద ఉండే చిన్న పల్లె) పేరు కోసం వెతికి లేదని సంబరపడతారు చాలామంది.

ఊరు జాబితాలో ఉంటే సాగుకు కొత్త బోరు లేదు, తాగునీటికే ఇస్తారు. లేకపోతే అనుమతి తీసుకుని వేసుకోవచ్చు.

జలరేఖ:
అనుమతి సంగతి నేను చెబుతా. దరఖాస్తు మీసేవలో పెట్టాలి. తహసీల్దార్ పేరు మీద వెళ్తుంది. పాసు పుస్తకం, 1బి (భూమి హక్కుల వివరాల పత్రం), ఆధార్, బోరు వేయబోయే సర్వే నంబరు, దాని స్కెచ్ పెట్టండి. స్కెచ్ మీద మూడు దూరాలు మీరే రాసి పెడితే పని తేలికవుతుంది: మీ పాత బోరుకు ఎంత, చుట్టుపక్కల ఇతర బోర్లకు ఎంత, ప్రభుత్వ తాగునీటి బోరుకు ఎంత. తర్వాత భూగర్భ జల శాఖ నుంచి జియాలజిస్టు వచ్చి చూసి సాధ్యాసాధ్యాల నివేదిక ఇస్తారు. తాగునీటి బోరు దూరం విషయం గ్రామీణ నీటి సరఫరా ఏఈ తేలుస్తారు. అవి వచ్చాక తహసీల్దార్ సంతకం.

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఈ 250 మీటర్ల దగ్గరే. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి గానీ బోరు గానీ వేయకూడదు. 250 మీటర్లంటే సుమారు 820 అడుగులు, గీత గీసినట్టు తిన్నగా కొలవాలి. బండి బాట వెంట కొలిస్తే 300 వస్తుంది, తిన్నగా 210 ఉంటుంది, ఏఈ వచ్చి కొలిచాక దరఖాస్తు వెనక్కి. ఫోన్ మ్యాపులో రెండు చోట్లా గుర్తుపెట్టి మధ్య దూరం ముందే చూసుకోండి. మూడెకరాల్లో ఒక మూల 250 లోపల పడి ఇంకో మూల బయట పడొచ్చు. అలాగైతే బయటి మూల సంగతే దరఖాస్తులో రాయండి.

ఒక మెలిక. పాత బోరును ఇంకో 200 అడుగులు దించితే అనుమతి అక్కర్లేదని ఏజెంట్లు చెబుతారు. చట్టం ప్రకారం ఉన్న బావిని లోతు చేయడం కూడా కొత్తగా తవ్వడం కిందికే వస్తుంది. కంప్రెసరు పెట్టి ఫ్లషింగ్ చేయించడం వేరు, అది ఉన్న లోతును శుభ్రం చేయడమే.

రిగ్గుకు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. రాత్రికి బండి పంపిస్తానన్నాడంటే పగలు తిరిగే ధైర్యం లేదన్నమాట. బండి సీజైతే మీ అడ్వాన్సు కూడా దాంతోపాటే పోతుంది.

డ్రిల్లుబిట్టు:
అనుమతి వచ్చాక జరిగే తప్పులు చెబుతా. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. పని జరిగేచోట బోర్డు, చుట్టూ ముళ్లకంచె. కేసింగు (బోరు పైభాగంలో దించే గొట్టం) చుట్టూ సిమెంటు దిమ్మె అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, నేలపైన 30 సెంటీమీటర్లు, నేల కింద 30. మూత వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులతో బిగించాలి. మోటారు పైకి తీసిన రోజు కూడా బోరు తెరిచి వదలకూడదు. గోనెసంచి కప్పి పైన రాయి పెడితే మూత కాదు.

కేసింగ్ దగ్గర పొదుపు చేయకండి. మెత్తటి నేల, పొరల రాయి దాటి గట్టి రాతిలోకి కనీసం రెండు మూడు అడుగులు దిగాలి. పదడుగుల పైపు మిగుల్చుకుందామని పైనే ఆపితే తొలి వానాకాలం బురద జారి మోటారు ఇరుక్కుంటుంది. దాన్ని లాగడానికయ్యే ఖర్చుతో రెండు బోర్ల కేసింగ్ వచ్చేది.

లోతు గురించి: అడుగు రేటు 300 అడుగుల తర్వాత స్లాబుల్లో పెరుగుతుంది. ఇంకో వంద దిగుదాం అనే మాట ఎవరి లాభానికో ఆలోచించుకోండి. గ్రానైటులో నీళ్లు ఎక్కువగా నిలిచేది పైన చివికిన పొరలో, దాని కిందనున్న పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. 700లో తగిలినా అది కొన్నేళ్లుగా పోగైన నీరే కావచ్చు, ఒక సీజను పోసి ఆగిపోతుంది.

పాతబావి:
ముగ్గురికీ ధన్యవాదాలు. జీవో చూశాను, మా ఊరి పేరు ఉంది. అంటే కొత్త బోరు లేనట్టే. మరి పక్క చేను ఆయన వేస్తే?

నల్లరేగడి:
ఆయనకూ లేనట్టే, సాగుకైతే. కానీ నా భూమి కింద నీళ్లు నావి అంటాడు. ఆ మాటకు పాత ఆధారం ఉంది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం, కాలువలా గుర్తించదగ్గ దారిలో పారని భూగర్భ నీటిని తన హద్దుల్లో తీసుకునే హక్కు భూ యజమానికి ఇచ్చింది. వాల్టా ఆ హక్కును కొట్టేయలేదు గానీ దానికి పగ్గం వేసింది. అందుకే ఫిర్యాదులో మా నీళ్లు దోచుకుంటున్నాడు అని రాయకండి, అది సివిల్ తగాదా అని పక్కన పెడతారు. ఫలానా జీవోలో ఫలానా వరస సంఖ్య గల గ్రామంలో, ఫలానా సర్వే నంబరులో, అనుమతి లేకుండా సాగు బోరు వేయడానికి సిద్ధపడుతున్నారు అని రాయండి. బండి వస్తే రిగ్గు నంబరు కనిపించేలా ఫోటో, తేదీ, సమయం. తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. తెలంగాణవాళ్లయితే ప్రజావాణిలో. అనుమతి ఉందని ఆయన అంటే సమాచార హక్కు కింద ఆ కాగితం నకలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. రిగ్గు పని ఒక్క రాత్రి పని గనుక మొదట ఫిర్యాదు, తర్వాత సమాచార హక్కు దరఖాస్తు.

ఇప్పటికే ఉన్న బోర్ల మధ్య గొడవైతే పరీక్ష చేసి అంకెలు పెట్టండి. రెండు మోటార్లూ రాత్రంతా ఆపి తెల్లవారి రెండు బోర్లలో నీటిమట్టం కొలవాలి. తర్వాత ఒకటే ఆన్ చేసి, ఆపి ఉంచిన రెండో దాంట్లో 5, 10, 20, 30, 60 నిమిషాలకు మట్టం రాయాలి. దిగిపోతుంటే రెండూ ఒకే పగుల మీద ఉన్నట్టు. కదలకపోతే మీ బోరు ఎండడానికి కారణం ఆయన కాదు, వేరే వెతకాలి. ఊళ్లో సగం తగాదాలు ఈ గంట పరీక్ష చేయక పెరిగినవే.

పాతబావి:
బోరులో మట్టం ఎలా కొలవాలి? మోటారు లోపలే ఉంది కదా.

డ్రిల్లుబిట్టు:
రెండు పోగుల సన్న వైరు, చివర పోగులు రెండూ తాకకుండా విడిగా ఒలిచి, పై కొసలు మల్టీమీటరుకు. మీటరుకో టేపు చుట్ట వేసి గుర్తు పెట్టుకోండి. నీళ్లు తగలగానే ముల్లు కదులుతుంది. కొసన బరువు కట్టాలి గానీ కొక్కెంలాంటిది కట్టొద్దు, మోటారు కేబుల్‌కు చుట్టుకుంటే వైరు తెగుతుంది. కొలిచేటప్పుడు స్టార్టరు ఆపితే చాలదు, ఫ్యూజు కూడా తీయండి, ఆటోస్టార్టరు ఉంటే కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది. ఈసారి మోటారు తీసినప్పుడు కాలమ్ పైపు పక్కనే అరంగుళం పీవీసీ గొట్టం దించి పెట్టుకుంటే తర్వాతెప్పుడూ ఈ బాధ ఉండదు.

కొలతాడు:
కొత్త బోరు లేదని తేలింది కాబట్టి ఉన్న నీటి లెక్క చూద్దాం. మీ వైపు ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. బంకమన్ను తక్కువున్న చివికిన గ్రానైటులో అందులో 11 శాతం ఇంకుతుందని అధికారిక పద్ధతి లెక్కవేస్తుంది, బంక ఎక్కువైతే 8. 11 అనుకున్నా 60 మిల్లీమీటర్లు. ఎకరానికి సుమారు 245 ఘనపు మీటర్లు, మూడెకరాలకు 735. ఎండాకాలం చెట్టుకు రోజుకు 80 లీటర్లు అనుకుంటే 330 చెట్లకు 26,400 లీటర్లు. 120 రోజులకు 3,168 ఘనపు మీటర్లు. అంటే మీ తోట ఒక్క ఎండాకాలంలో పదమూడెకరాల ఊట తాగుతోంది. పక్క చేను ఆయన లెక్క కూడా ఇలాగే ఉంటుంది. అందుకే జీవో వచ్చింది.

మీ వైపు జిల్లాల్లోనే 2003 నుంచి రైతులే బోర్ల మట్టాలు, వాన కొలిచి రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకునే పద్ధతి నడిచింది. ఎవరినీ బోరు వేయొద్దని ఆపలేదు, అంకెలు గోడ మీద రాశారు. వాల్టా కాగితం కంటే అది నాకు ఎక్కువ నచ్చుతుంది. ఉచిత కరెంటుకు మీటరు లేనప్పుడు తోడిందెంతో ఏ ఆఫీసుకూ తెలియదు మరి.

మీ బోరుకు ఇప్పుడు చేయాల్సింది: 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో మొదలెట్టిన ఐదో నిమిషంలో ఒకసారి, గంట తర్వాత ఒకసారి చూడండి. ఐదో నిమిషంలో 8 సెకన్లు, గంట తర్వాత 20 సెకన్లు అయితే బోరు ఇచ్చేది సెకనుకు లీటరే, మోటారు దానికి మించి లాగుతోంది. గేటు వాల్వు తిప్పి లీటరుకు కుదించండి. గంటకు 3,600 లీటర్లు, ఏడున్నర గంటల్లో మీ 26,400 వస్తాయి. గాలి తన్నదు.

పాతబావి:
ఐదో నిమిషంలో 9 సెకన్లు, గంట తర్వాత 24. వాల్వు సగానికి మించి కుదిస్తే మోటారు కాలుతుందా?

డ్రిల్లుబిట్టు:
సబ్‌మెర్సిబుల్‌కు మరీ ఎక్కువ మూస్తే ప్రమాదం, చల్లబరిచేది పారే నీరే కదా. 24 సెకన్లంటే గంటకు 3,000 లీటర్లు. దానికి సరిపడా తెరిచి, ప్యానెల్లో ఆంపియర్లు చూసి రాసుకోండి. మోటారు వేడెక్కి ట్రిప్పవుతుంటే కుదించడం ఆపి చిన్న హెచ్‌పీ మోటారు దించండి. డ్రై రన్ కట్ (నీళ్లు లేనప్పుడు మోటారును ఆపేది) మాత్రం ఈరోజే పెట్టించండి.