60 సెం.మీ. మొక్కల ట్యాంక్‌కి ఏ చిన్న క్యాట్‌ఫిష్: పిగ్మీ కోరీనా, ఓటోనా?

నత్తగుల్ల:
ట్యాంక్ 60×30×36 సెం.మీ. రాళ్ళూ కట్టే పోగా నీళ్ళు 50 లీటర్ల పైచిలుకు. అడుగంతా ఆక్వా సాయిల్ (మొక్కల కోసం అమ్మే గింజల మట్టి). ముందువైపు మోంటే కార్లో అనే పచ్చిక మొక్క అద్దం దాకా అల్లుకుపోయింది, వెనక రోటాలా మొక్కలు, కట్టెకి అనుబియాస్ మొక్క. మొక్కలకి సీఓటూ గ్యాస్ ఉంది. 25 డిగ్రీలు, పీహెచ్ 6.6. నియాన్ టెట్రాలు 10, చెర్రీ రొయ్యలు కొన్ని. మొదలుపెట్టి ఏడు వారాలు, చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. అద్దం మీద, అనుబియాస్ ఆకుల మీద గోధుమరంగు నాచు పడుతోంది. అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్ పెట్టాలని ఉంది. పిగ్మీ కోరీ, ఓటోసింక్లస్ (ఓటో), స్టెర్బై కోరీ: వీటిలో ఏది తేవాలి?

ఇసుకమేట:
పిగ్మీ కోరీ. పదికి తగ్గకుండా తెండి. నాలుగైదే తెస్తే ఆకుల చాటున నక్కి ఉంటాయి, ఉన్నాయో పోయాయో కూడా తెలీదు. పెద్దయినా 3 సెం.మీ. దాటవు కాబట్టి మీ నీళ్ళకి పది బరువేం కాదు. ఒక్కటి ముందే చెప్పాలి, ఇవి ఎప్పుడూ అడుగునే ఉండే రకం కాదు. గుంపుగా నీటి మధ్యలో ఈదుతూ, మధ్యమధ్యలో ఆకు మీద వాలతాయి. అచ్చంగా అడుగునే తిరగాలంటే హబ్రోసస్ అనే మరో బుల్లి కోరీని చూడండి. కొనేటప్పుడు గుర్తులు: పిగ్మీకి పక్కన ముక్కు నుంచి తోక దాకా ఒకటే నల్లగీత, హబ్రోసస్‌కి తెగిపోయిన మచ్చలు, హస్టాటస్ అనే మూడో రకానికి తోక మొదట్లో నల్లచుక్క. మూడింటినీ ఒకే పేరుతో అమ్మేస్తుంటారు.

స్టెర్బై ఈ ట్యాంక్‌కి వద్దు. ఒక్కోటీ 6 సెం.మీ. పైనే పెరుగుతుంది, కనీసం ఆరు ఉండాలి. ఆరూ కలిస్తే మోంటే కార్లోని దున్నేస్తాయి.

పచ్చదుప్పటి:
ప్రశ్నలో గోధుమరంగు నాచు అని స్పష్టంగా ఉంది. కోరీ నాచు తినదు. ఓటోలు ఆరు తెండి. ఆ నాచు డయాటమ్‌లు, ఓటో మూతి ఉన్నదే దాన్ని గీకి తినడానికి. 4 సెం.మీ. చేప, మొక్క పీకదు, రొయ్యపిల్లల జోలికి పోదు. పైగా కోరీలకి సాయిల్ పడదని అందరికీ తెలుసు. గింజల గరుకుకి మీసాలు అరిగిపోతాయి.

బుడగ:
నాచు తినే బ్రిసిల్‌నోస్ క్యాట్‌ఫిష్ ఒక్కటి వేస్తే సరిపోదా?

ఇసుకమేట:
@బుడగ: 12 సెం.మీ. దాకా పెరుగుతుంది. 50 లీటర్లలో దాని రెట్టే ఒక బెడద.

@పచ్చదుప్పటి గారూ, మీసాలు పోయేది గరుకు వల్ల మాత్రమే కాదు. తినకుండా మిగిలిన తిండి గింజల సందుల్లో కుళ్ళి, అక్కడ బాక్టీరియా పెరిగి, రోజంతా మూతి పెట్టే చేపకి పుండు పడుతుంది. మీసం చివర ఎర్రబడుతుంది, తర్వాత మొద్దుబారుతుంది, చివరికి మొదలంటా పోతుంది. పదునైన అంచులుంటే ఇది త్వరగా జరుగుతుంది, అంతే. శుభ్రంగా ఉంచిన సాయిల్ మీద నిండు మీసాలతో కోరీలు ఉంటాయి, మురికి ఇసుక మీద మీసాల్లేని కోరీలూ ఉంటాయి.

పచ్చదుప్పటి:
అయితే సాయిల్ మంచిదే అంటారా, కాదంటారా? సూటిగా చెప్పండి. కోరీ ఇసుకని నోట్లోకి తీసుకుని, తిండి ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తుంది. 3 మి.మీ. సాయిల్ గింజతో 3 సెం.మీ. చేప ఆ పని ఎలా చేస్తుంది?

ఇసుకమేట:
చేయలేదు. అందుకే ముందువైపు కొంత ఇసుక పెట్టమంటాను. పొడి సాయిల్ అని సన్న గింజది ఉంది, అది కొంత మేలు, ఇసుకతో మాత్రం సమానం కాదు.

పచ్చదుప్పటి:
చూశారా, ఇప్పుడు ఇసుక వచ్చింది! మొదటి జవాబులో ఇసుక మాటే లేదు.

రాత్రిదీపం:
మీసాల దగ్గరే తిరుగుతున్నారు, ఈలోగా నత్తగుల్ల గారు ఓటోలు తెచ్చేస్తారేమో. ఏడు వారాల ట్యాంక్‌లో ఆరు ఓటోలంటే నాకు భయం. ఇప్పుడున్న గోధుమరంగు నాచు కొత్త ట్యాంక్ నాచు. నీటిలో సిలికేట్ తగ్గి, మొక్కలు నిలదొక్కుకున్నాక చాలాసార్లు దానంతటదే పోతుంది. ఆరు ఓటోలు దాన్ని వారం పది రోజుల్లో నాకేస్తాయి. తర్వాత? ఓటోల్లో ఎక్కువభాగం నదుల్లో పట్టినవే. రోజుల తరబడి తిండి లేకుండా ప్రయాణం చేసి అంగడికి చేరతాయి. నాచు అయిపోయాక తిండి బిళ్ళ వేసినా, అది తిండని గుర్తించక పస్తు ఉండిపోయేవి ఎన్నో.

తేవాలనే ఉంటే అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి. గుండ్రంగా, లేత పసుపుగా ఉబ్బి ఉండాలి. లోపలికి గుంటపడితే ముట్టుకోవద్దు. అంగడికి వచ్చి రెండు వారాలు దాటినవే తీసుకోండి. గులకరాళ్ళు కొన్ని నీళ్ళ బేసిన్‌లో వేసి ఎండలో పది రోజులు ఉంచితే పచ్చగా నాచు పడుతుంది. అలాంటి బేసిన్లు రెండు పెట్టుకుని రాళ్ళు మారుస్తూ ఉండాలి. కీరదోస, జుకినీ చక్రాలు వేడినీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, మునిగేలా బరువు కట్టి రాత్రి వేయండి, తెల్లారగానే తీసేయండి.

ఆకుచాటు:
చిన్న సంగతి. స్టెర్బైని 2024 నుంచి హోప్లిసోమా స్టెర్బై అంటున్నారు. లేబుల్ మీద ఆ పేరుంటే వేరే చేప అనుకోకండి.

పచ్చదుప్పటి:
@రాత్రిదీపం: ఓటో గురించి చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. మూడు నెలలు ఆగి తెమ్మంటాను. కానీ కోరీ చవకగా బతికేస్తుందన్నట్టు మాట్లాడుతున్నారు ఇక్కడ. అద్దం దాకా నిండిన మోంటే కార్లో మీద తిండి వేసి చూడండి. గుళిక ఆకుల మధ్యకి జారి కూరుకుపోతుంది. పైకి తేలిన ముక్కని రొయ్య రెండు కాళ్ళతో పట్టుకుని కట్టె కిందకి లాక్కుపోతుంది. మిగిలింది నియాన్లు మింగుతాయి. పిగ్మీలు ఆకుల మీద మూతి ఆడిస్తూ ఉంటాయి, కింద దొరికేదేమీ ఉండదు. ఓటో ఆకలితో పోతుందన్న బెంగ కోరీకి ఎందుకు లేదు?

ఇసుకమేట:
ఎందుకు లేదూ? లైట్లు ఆపిన పావుగంటకి, రెండు చోట్ల ఒకేసారి వేయాలి. మునిగే బిళ్ళని పొడి చేసి, సైక్లాప్స్, అప్పుడే పొదిగిన ఆర్టీమియా లాంటి సన్నటి నీటిపురుగులు వేయాలి. పిగ్మీ నోరు చిన్నది, మామూలు గుళిక పట్టదు. "అడుగు శుభ్రం చేసే చేప" అని కోరీని అమ్మేవాళ్ళ మాట నేనెప్పుడూ అనలేదు, దాన్ని నాకు అంటగట్టకండి. పిగ్మీకి మోంటే కార్లో అడ్డమైతే ఆ మోంటే కార్లోనే కొంత తీసేయాలి.

పచ్చదుప్పటి:
అదీ అసలు మాట! మొక్క తీసేయమనడం మీకు ఎంత తేలిక! ఏడు వారాలు సీఓటూ సరిచేస్తూ, కత్తిరిస్తూ పెంచిన పచ్చిక అది. ఉన్న ట్యాంక్‌లో సరిపోయే చేపని ఎంచుకోవాలి గానీ, చేప కోసం ట్యాంక్‌ని తవ్వుతారా? ప్రతి చర్చలోనూ మొక్కల వాళ్ళం చేపలంటే లెక్కలేనివాళ్ళలా కనిపిస్తాం మీకు.

ఇసుకమేట:
మిమ్మల్ని అలా అనలేదు, అలా వినబడితే క్షమించండి. నా బాధ వేరు. ముందు అందానికి అంతా పరిచేసి, చివర్లో "ఇందులో ఏ చేప బతుకుతుంది" అని అడిగితే, జవాబు ఏదైనా చేపే సర్దుకోవాల్సి వస్తోంది. నాచు కోసం ఓటో, మిగిలిన తిండి కోసం కోరీ. పనివాళ్ళని పెట్టుకున్నట్టు ఎంచుతున్నాం. ఆ చేప రోజంతా ఏం చేస్తుందో చూసి, దానికి చోటుంటేనే తేవాలి.

పచ్చదుప్పటి:
దాంతో నాకు పేచీ లేదు. చోటు లేకపోతే ఏ చేపా వద్దనండి, నేను కూడా మీతోనే అంటాను. అనుబియాస్ ఆకుల నాచు మెత్తటి టూత్‌బ్రష్‌తో వారానికోసారి తుడిస్తే పోతుంది.

నత్తగుల్ల:
ఓటోలు ఇప్పుడే వద్దని నిశ్చయించుకున్నాను. కుడివైపు మూలన కొంత పచ్చిక తీసి ఇసుక పోయడానికి నాకు అభ్యంతరం లేదు. ఎంత తీయాలి? ఇసుక సాయిల్‌లో కలిసిపోదా?

రాత్రిదీపం:
25 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పు చాలు. మోంటే కార్లోని కత్తెరతో చతురస్రాలుగా కోసి, వేళ్ళతో సహా చాపలా ఎత్తండి. కింది సాయిల్‌ని 12 మి.మీ. గొట్టంతో నీళ్ళతోపాటే లాగేయండి, చేత్తో తోడితే ట్యాంకంతా బురద. అడుగు అద్దానికి ఆనేలా 5 సెం.మీ. ఎత్తు యాక్రిలిక్ పట్టీ వంచి నిలబెట్టి, సాయిల్ వైపు చిన్న రాళ్ళతో కప్పండి. పట్టీ అడుగుకి ఆనకపోతే కోరీలు తవ్వినకొద్దీ సాయిల్ కిందనుంచి జారి వస్తుంది. ఇసుక 1 మి.మీ. లోపు, గుండ్రటి గింజలది, 2.5 సెం.మీ. మందం. అంటే ముప్పావు లీటరు, సుమారు 1.2 కిలోలు. కడిగిన నీళ్ళు తేటపడేదాకా కడగండి.

సాయిల్ కదిపితే అమ్మోనియా వదులుతుంది. అదే రోజు 40 శాతం నీళ్ళు మార్చి, రెండో రోజూ ఐదో రోజూ పరీక్ష చేయండి. రెండుసార్లూ సున్నా వస్తేనే పిగ్మీలు. ట్యాంక్ నీటికీ మూతకీ మధ్య 2 సెం.మీ. ఖాళీ ఉంచండి, కోరీలు పైకి వచ్చి గాలి మింగుతాయి. అప్పుడప్పుడైతే అది మామూలే. అన్నీ కలిసి నిమిషానికోసారి పైకి పరిగెడుతుంటే సీఓటూ ఎక్కువైందేమో చూడండి. పట్టేటప్పుడు వల వద్దు, పక్క రెక్కల ముళ్ళు చిక్కుకుంటాయి. గ్లాసుతో పట్టండి.

ఇసుకమేట:
తిండి ఆ ఇసుక మీదే వేయండి, రోజూ అదే చోట. మిగిలింది కనిపిస్తుంది, పొద్దున్నే గొట్టంతో తీసేయొచ్చు.

పచ్చదుప్పటి:
ఎత్తిన మోంటే కార్లోని పారేయకండి నత్తగుల్ల గారూ. 2 సెం.మీ. ముక్కలు చేసి, కింద వేళ్ళు మాత్రమే ఉండేలా కత్తిరించి, కట్టె వెనక ఖాళీలో పట్టకారుతో లోతుగా గుచ్చండి. తడి ఆరనివ్వకుండా తడిగుడ్డలో చుట్టి పెట్టుకుని అదే పూట నాటేయాలి.