1098 మేడమ్ మళ్లీ వస్తోంది, చెల్లి తలుపు వేసుకుంటోంది

పాలమూరు అక్క:
మా చెల్లికి 16. పోయిన నెల పెళ్లి పెట్టుకున్నారు. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. గడపకు రాసిన పసుపు ఆరకముందే అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్, 1098 మేడమ్ జీపు దిగారు, వెంట పోలీసులు. 18 నిండేదాకా చేయనని నాన్న సంతకం పెట్టారు. ఆ మేడమ్ ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. అమ్మ మంచినీళ్లు కూడా ఇవ్వదు, పరువు తీసిందట. పెళ్లి వద్దని ఏడ్చిన చెల్లి కూడా ఆమెతో మాట్లాడదు. మాట్లాడితే హాస్టల్‌కి తీసుకెళ్లిపోతారని భయం. నిజమేనా?

ఫీల్డ్ వర్కర్:
నేను ఈ పనిలోనే ఉన్నానమ్మా. మాట్లాడినంత మాత్రాన తీసుకెళ్లరు. ఇంట్లో ప్రమాదం ఉందనుకుంటేనే 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరుస్తారు. నిర్ణయం సమితిదే. అయినా పోలీసు జీపులో దిగినవాళ్లను చూసి పిల్లలు భయపడరా? నేనైతే రెండోసారి బస్సులోనే వెళ్తాను.

ఇంటర్ పాస్:
నాకూ ఇలాగే ఆపారు. మేడమ్ వస్తే బాత్రూంలో దాక్కునేదాన్ని. ఓ రోజు ఏ ప్రశ్నా వేయకుండా ఇంటర్ అప్లికేషన్‌కి ఆధార్ జిరాక్స్ అడిగింది. అప్పుడు బయటికొచ్చాను. మా అమ్మకి ఆమె ఇప్పటికీ 'పెళ్లి చెడగొట్టినామె'. కాకపోతే ఇప్పుడు టీ ఇచ్చి మరీ అంటుంది.

పాలమూరు అక్క:
థ్యాంక్స్. ఫోన్ చేసిందెవరని అమ్మ ఇంకా ఆరా తీస్తోంది. నేనే చేశాను. పేరు బయటపెట్టరుగా?

ఫీల్డ్ వర్కర్:
పెట్టరు.