మార్వాడీ గుర్రం 'రేవాల్' నడక: ఎక్కినవాళ్ళు చెప్పండి

కనకపుర రోడ్ రైడర్:
బెంగళూరులో రెండేళ్ళుగా రైడింగ్ నేర్చుకుంటున్నాను. ఇప్పటిదాకా ఎక్కినవన్నీ రేసుల నుంచి తప్పుకున్న థరోబ్రెడ్‌లే. పోయిన ఆదివారం ఒక ఫామ్‌లో మార్వాడీ ఆడగుర్రం ఎక్కాను. ట్రాట్ (గుర్రం ఎగిరెగిరి వెళ్ళే పరుగు) మొదలైందనుకుని రికాబుల మీద లేవబోతే, లేపే కుదుపే రాలేదు. జీనులో అలాగే కూర్చుండిపోయాను. రేవాల్ అంటే ఇదేనా? నాకు నడుంనొప్పి ఉంది, అందుకే ఇంతగా అడుగుతున్నా.

జోధ్‌పుర్ వెళ్ళొచ్చినవాడు:
అదే అయ్యుంటుందండీ. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్ళు జతగా పడతాయి. ఒక జత లేచి ఇంకో జత పడేలోపు గుర్రం మొత్తం గాల్లో ఉంటుంది. మనల్ని ఎగరేసేది ఆ క్షణమే. రేవాల్‌లో నాలుగు కాళ్ళూ విడివిడిగా పడతాయి: ఒక పక్క వెనక కాలు, ఆ వెంటే అదే పక్క ముందు కాలు, తర్వాత రెండో పక్క. ఎప్పుడూ ఏదో ఒక గిట్ట నేల మీదే ఉంటుంది. జోధ్‌పుర్ దగ్గర పల్లెలో ఒక పెద్దాయన సవారీ చేస్తుంటే ఆయన తలపాగా కుచ్చునే చూస్తూ నిలబడ్డాను. పైకీ కిందికీ ఎగరలేదు, పక్కలకి కొంచెం ఊగిందంతే. ఇసుక దారుల్లో రోజంతా వెళ్ళాల్సిన వాళ్ళకి అంతకంటే ఏం కావాలి! సౌరాష్ట్ర కాఠియావాడీ గుర్రాల్లోనూ ఈ నడక ఉంది. అయితే ప్రతి మార్వాడీకీ రాదు.

యలహంక అక్క:
ఒక్క మాట. ఒకే పక్క రెండు కాళ్ళూ ఒకేసారి పడితే అది పేస్, రేవాల్ కాదు. ఆ ఊపు నడుముకి మంచిది కాదు. నాకు అలాంటి గుర్రాన్నే రేవాల్ అని చెప్పి అమ్మారు. ఇంటికి తెచ్చాక చూస్తే నోటి మూలల్లో పుళ్ళు. తల పైకెత్తి ఉంచడానికి ముళ్ళ కళ్ళెం వాడారు. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి తెచ్చిన 1965 నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు. ఆ పుళ్ళు మానడానికి మూడు నెలలు పట్టింది, రోజూ నేనే కడిగేదాన్ని. దయచేసి కొనేముందు నోరు తెరిచి చూడండి.

ఒంగోలు అబ్బాయి:
అక్కా, చదువుతుంటే బాధేసింది. మన వైపు ఎద్దుకి సుడి చూసినట్టే మార్వాడీలకీ చూస్తారు. మెడ మీది సుడిని దేవమన్ అంటారు, శుభమట. నేను మాత్రం చెవులే చూస్తాను. లోపలికి వంగి కొనలు దాదాపు తాకుతాయి, వెనక్కి కూడా తిరుగుతాయి. గుర్రానికి భయమో ఇష్టమో ముందు అక్కడే తెలుస్తుంది.

జోధ్‌పుర్ వెళ్ళొచ్చినవాడు:
రైడర్ గారూ, ఈసారి పగ్గాలు బిగించకండి. మీరు బిగుసుకుంటే అది వరస తప్పి పేస్‌లోకి జారిపోవచ్చు. మామూలు నడకలో ఉండగా కొంచెం ముందుకి రమ్మనండి, తల స్వేచ్ఛగా వదలండి, చప్పుడు వినండి. నాలుగూ సమానంగా వినబడాలి. నడుం సంగతి మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి.

కనకపుర రోడ్ రైడర్:
డాక్టర్ పది నిమిషాలకి ఒప్పుకున్నారు, నిన్న మళ్ళీ వెళ్ళాను. ముందు నోరు చూశాను, శుభ్రంగా ఉంది. వాన పడి మట్టి తడిగా ఉండటంతో మొదట చప్పుడు తెలియలేదు. షెడ్ ముందు రాళ్ళు పరిచిన చోటికి రాగానే టకటకటకటక, నాలుగూ స్పష్టంగా! దాని చెవులు రెండూ నా వైపు తిరిగి ఉన్నాయి.